పురుగుమందులు వాడని గ్రామం

అక్టోబర్ 14, 2006

ఎలీసమ్మక్క ఊళ్ళో బోర్డు ఎక్కడ పెట్టాలో చూసొచ్చాం. ‘పురుగుమందులు వాడని గ్రామం’ అని రాయిస్తారట. డిసెంబర్‌లో కలెక్టర్ గారొచ్చి ఓపెన్ చేస్తారు. మా ప్రాజెక్టులో ఇదే మొదటి ఊరు.

మందుల్లేని సేద్యం నేర్పడానికి నేను క్లస్టర్‌లోని ఊళ్ళన్నిటికీ యాక్టివిస్టుని, అక్క ఆ ఒక్క ఊరికి. కానీ రైతులు విన్నది అక్క మాటే. వాళ్ళాయన జక్రయ్య పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. మీటింగుల్లో ఆ సంగతి ఎత్తదు. వేప కషాయం ఎలా కాయాలో చెప్తుంది, అంతే.

నవంబర్ 5

అక్క కౌలుకి చేస్తున్న మిరపతోటకి ముడత తగిలింది. రెండెకరాలూ. ఆకులు దొన్నెల్లా పైకి ముడుచుకున్నాయి. ఇద్దరం కలిసి కషాయం కొట్టాం.

నవంబర్ 8

తగ్గలేదు.

నవంబర్ 12

పొద్దున్నే వెళ్ళేసరికి తోటంతా మందు వాసన. అక్క గట్టు మీద కూర్చుని ఉంది. సబ్బు పెట్టి తోమి తోమి చేతులు ఎర్రగా కందిపోయాయి. కొట్టేశానే సిద్దికా, అంది. తోట పోతే నా కొడుకు ఫిలిప్‌ని చదువు మాన్పించి ఎవరింట్లో పాలేరుగా పెట్టమంటావు, అంది.

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంకొన్నాళ్ళు ఆగలేకపోయావా అన్నాను. నేను ఆగుతానే, ఆకు ఆగొద్దూ, అంది.

ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకుని బతిమాలాను. తలూపినట్టే అనిపించింది.

నవంబర్ 20

ఒంగోలు ఆఫీసులో రివ్యూ. ఒక్కో ఊరివాళ్ళూ లేచి రిపోర్టు చెప్పాలి. అక్క లేచింది. మా ఊళ్ళో అందరూ మాట మీద నిలబడ్డారు సార్, నేనే మందు కొట్టాను, అంది.



ప్రాజెక్ట్ ఆఫీసర్ సంజీవరావు గారు చెడ్డవారు కాదు. బ్యాంకు ఉద్యోగం వదులుకుని ఈ పనిలోకొచ్చిన మనిషి. కళ్ళజోడు తీసి చాలాసేపు మొహం రుద్దుకున్నారు. రైతు కొడితే నచ్చజెప్పుకుంటాం, చెప్పేవాళ్ళే కొడితే మనల్నెవరు నమ్ముతారమ్మా, అన్నారు. రేపట్నించి రావద్దన్నారు.

పక్క కుర్చీలోని దేవకుమారి తన కుర్చీ అటు జరుపుకుంది. రోజూ అక్క క్యారేజీలో కూర వేసుకుని తినే మనిషి.

అక్క నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను.

నవంబర్ 21

వాళ్ళింటికి వెళ్ళాను. కూర్చోమంది, టీ పెట్టింది. ఎందుకు చెప్పావక్కా అన్నాను. నా మాట విని మందు మానేసినోళ్ళ మొహం ఎట్లా చూడనే, అంది.

నిన్న నేను అక్క తరఫున ఒక్క మాట చెప్పి ఉంటే ఉంచేవారేమో. అక్క ఆ ఊసే ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

డిసెంబర్ 9

బోర్డు ఓపెనింగ్ అయింది. అక్క మందు కొట్టిన రెండెకరాలూ పక్క ఊరి లెక్కలో వేసేశారు. కలెక్టర్ గారు నాకు శాలువా కప్పారు. ఫోటోలో నవ్వుతూనే పడి ఉంటాను.

జనవరి 17, 2007

మందు కొట్టినా అక్క తోట దక్కలేదు. కౌలు వదిలేసింది. ఫిలిప్ చీమకుర్తిలో గ్రానైట్ పనికి వెళ్ళాడట.

ఇవాళ పొరుగూరి రోడ్డు మీద వస్తుంటే కనిపించింది. ఎవరిదో మిరపతోట. మగవాళ్ళు మందు కొడుతున్నారు, అక్క డ్రమ్ములో మందు కలుపుతోంది, చేతికి ప్లాస్టిక్ కవర్ కట్టుకుని. బండి ఆపి గట్టు దిగబోయాను. నన్ను చూసి పెద్దగా అరిచింది. ఇటు రామాకే, గాలి నీ మీదికే కొడుతుంది, పో, పో, అని.

వచ్చేశాను. దారంతా ఏడుస్తూనే బండి నడిపాను.

ఫిబ్రవరి 2

కొత్తగా చేరినవాళ్ళకి ట్రైనింగ్. ఒకావిడ అడిగింది, ఆ బోర్డు పెట్టిన ఊళ్ళో ఒక్కరు కూడా పురుగుమందు కొట్టలేదా మేడమ్, అని.

లేదన్నాను.