రెండింతల లడ్డూలు

మోతె

తమ్ముడు వీరేశానికి అక్క సరోజన రాయునది. ఇక్కడ మేము, గొర్రెలు, మీ బావ మోకాలి నొప్పి అందరం క్షేమం.

వచ్చే ఆదివారం మా పిల్ల సంగీత ఓణీల ఫంక్షన్. మా ఆడబిడ్డ నాగరాణి తన బిడ్డ ఫంక్షన్‌లో నిమ్మకాయంత లడ్డూలు వంద పెట్టి ఇప్పటికీ చెప్పుకుంటున్నది. నావి రెండింతలుండాలె. ఎత్తు, అడ్డం, ఎటు కొలిచినా రెండింతలే. అట్లాంటివి వంద చెయ్యి. ఆమె వాడినదానికి డబుల్ శనగపిండి, చక్కెర ఈ ఉత్తరంతోపాటే సూర్యాపేట బస్సులో నీ మిఠాయి దుకాణానికి పంపుతున్న.

ఇట్లు,
అక్క

తా.క.: మా పిల్లకు లెక్కలు రావని, చదువు మాన్పించి కుట్టుమిషన్ కొనియ్యుమన్నవు. అందుకే నీతో ఫోన్‌లో మాట్లాడనని ఒట్టేసుకున్న. రాయనని వేసుకోలే.

•

మిర్యాలగూడ

అక్కకు దండాలతో వీరేశం.

నువ్వు చెప్పినట్టే ఎటు కొలిచినా రెండింతలు చుట్టి, ఒక్కోదానికి బంగారు కాగితం తొడిగిన. పాతిక కాంగనే పిండి ఖతం. అవి పంపుతున్న. మిగతా పిండి ఎప్పుడు పంపుతవ్?

నీ తమ్ముడు

తా.క.: మేనమామ చీర పెట్టకుంట ఫంక్షన్ ఎట్ల చేస్తవో నేనూ చూస్త.

•

మోతె

వీరేశానికి,

డబుల్ పిండి పంపితే పావు వంతు లడ్డూలా? మిగతా డెబ్బై అయిదు ఎవరికి అమ్ముకున్నవ్? పిల్ల ఫంక్షన్ పిండి మీద కూడా చెయ్యి వేస్తవనుకోలే.

సరోజన

తా.క.: మీ బావ ఒక లడ్డూ పట్టుకొని, ఎక్కడ కొరకాలో తెలియక మళ్లీ డబ్బాలో పెట్టిండు.

•

మిర్యాలగూడ

సరోజనమ్మగారికి,

అమ్మ తోడు, పిడికెడు పిండి తియ్యలే. నన్ను దొంగ అన్న ఇంటికి నేను రాను. చీర కొనిపెట్టిన, ఎవరినన్నా పంపి తీసుకపో.

ఇట్లు,
వీరేశం, మిఠాయి దుకాణం

తా.క.: పిండి ఏమైందో నాకూ అర్థం కాలే. దుకాణంల ఎలుకలను కూడా అనుమానించిన.

•

మోతె

నా తమ్ముడు వీరేశానికి,

సంగీత నన్ను కూర్చోబెట్టి అగ్గిపెట్టెలు పేర్చింది. పొడుగుకు రెండు, అడ్డానికి రెండు, ఎత్తుకు రెండు. మొత్తం ఎనిమిది పట్టినయ్. గుండ్రటి లడ్డూకూ అదే లెక్కట. ఎటు చూసినా రెండింతలైతే పిండి ఎనిమిదింతలు తింటదట. నీ చేతిలో ఏమీ పోలే, పిండంతా లడ్డూల్లోనే ఉన్నది. అనరాని మాటన్న, నాకు ఏడుపొచ్చింది.

పిల్ల అవన్నీ చిదిపించి నిమ్మకాయంత చుట్టించింది. రెండు వందలైనయ్. నాగరాణి రెండుసార్లు లెక్కపెట్టుకొని పోయింది. అయితే నీ బంగారు కాగితం విప్పి, ఒక్కోటి నాలుగు ముక్కలు చేసినా వందకే వచ్చింది. పిండి అంతే ఉన్నా, చిన్నగ చేస్తే చుట్టాల్సిన పైభాగం రెండింతలైతదట. ఇంకో వందకు కాగితం కావాలె. బస్సుకియ్యకు, నలుగుతది. చీర, కాగితం పట్టుకొని నువ్వే రా.

ఇట్లు,
తొందరపడ్డ అక్క

తా.క.: కాగితం చాలదని సంగీతకు లడ్డూలు చిదపకముందే తెలుసట. ఎందుకు చెప్పలేదే అంటే, “చెప్తే నువ్వు ఏదో కాగితంతో సర్దుకునేదానివి. ఇప్పుడు వందకు బంగారు కాగితం తొడిగినం, మిగతా వందకు మామనే పిలవాలె కదా” అన్నది.