పేరు చెప్పమ్మా

తాడేపల్లిగూడెం,
శుక్రవారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కకి,

నీ చెల్లెలు దుర్గ నమస్కారాలు. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. అమ్మ మోకాలికి నూనె రాస్తున్నావా? నాన్న ఈ మంచులో కూడా చేపల చెరువు కాపలాకి వెళ్తున్నారా? చెవులకి గుడ్డ కట్టుకోమని నేను చెప్పానని చెప్పు. ఇక్కడ మేం బాగున్నాం. ఎప్పుడూ రాసే మాటే అనుకుంటావేమో, ఈసారి నిజంగా బాగున్నాం గనకే రాస్తున్నాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏమిటంటావు. ఫోన్లో నేను మాట్లాడితే నీకు సగం వినబడదు, "గట్టిగా చెప్పవే" అంటావు. గట్టిగా చెప్తే పక్కవాటా వాళ్ళు కూడా వింటారు. కారు గుద్దుకుందనీ, ఫరవాలేదనీ ఆ రోజు ఫోన్లో చెప్పాను కదా. తర్వాత జరిగినదంతా చెప్పాలంటే నాకు సిగ్గు. అందుకే రాస్తున్నాను. నువ్వు ఒక్కదానివే చదువు. తర్వాత కావాలంటే అమ్మకి చెప్పు.

ఆ రోజు పెళ్ళివాళ్ళని పెదపాడు అవతల ఊళ్ళో దింపి నీ మరిది ఒక్కరే వెనక్కి వస్తున్నారు. తెల్లవారలేదు, మంచు బాగా పట్టేసింది. రోడ్డు మీద గడ్డి ట్రాక్టరు లైటు లేకుండా ఆగి ఉందట. దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. తప్పించబోయి కల్వర్టు గోడని గుద్దేశారు. బండి ముందు భాగమంతా అప్పడంలా అయిపోయింది. ఆయన గడ్డం స్టీరింగుకి కొట్టుకుని దవడ ఎముక చిట్లింది. చేపల చెరువు దగ్గర పనివాళ్ళు బయటికి తీసి ఏలూరు ఆసుపత్రికి చేర్చారు. నేనూ, అత్తయ్యగారూ బస్సులో వెళ్ళేసరికి లోపల కుట్లు వేస్తున్నారు. ప్రాణానికి భయం లేదని నర్సు చెప్పాక గాని నేను కూర్చోలేదు.

దవడ అతుక్కోవడానికి పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి తీగ కట్టేశారు అక్కా. కొన్ని వారాలు మాట్లాడకూడదు, నమలకూడదు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది. ఆయన మాట్లాడే పరిస్థితి ఉంటే నేను మాట్లాడే అవసరం వచ్చేది కాదు.

ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఉండగా ఇన్సూరెన్సు వాళ్ళు ఫోన్ చేశారు. ఆయన ఫోన్ నా చేతిలో ఉంది. మాటలు రికార్డవుతాయని ముందే చెప్పారు. అది విన్నాక నాకు ఉన్న గొంతు కూడా పోయింది.

"బండి నడిపింది ఎవరమ్మా?" అని అడిగాడు అవతల అబ్బాయి.

"ఇంట్లోవాళ్ళండీ" అన్నాను.

"ఇంట్లోవాళ్ళంటే ఎంతమంది ఉన్నారు బండిలో?"

"ఒక్కరేనండీ."

"ఒక్కరైతే వాళ్ళు అంటారేంటమ్మా? పేరు చెప్పండి."

మొగుడి పేరు పైకి అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నాయనమ్మ మనిద్దరికీ ఎన్నిసార్లు చెప్పిందో నీకు గుర్తుంది కదా. మామూలు రోజునే నా నోటికి రాని పేరు, లోపల ఆయనకి కుట్లు వేస్తుంటే ఎలా వస్తుంది? అతను మళ్ళీ అడిగాడు. నేను ఫోన్ అత్తయ్యగారి చేతిలో పెట్టేశాను.

అత్తయ్యగారు, "మా బుజ్జిబాబండీ" అన్నారు.

"నడిపింది బుజ్జిబాబేనా?"

"బుజ్జిబాబేనండీ. చిన్నప్పట్నించీ స్టీరింగు కనబడితే వదిలేవాడు కాదండీ" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

అత్తయ్యగారిని అనడానికి లేదు. నీ మరిదికి వాళ్ళ తాతగారి పేరు పెట్టారు. మావగారి పేరు కోడలు ఎలా పలుకుతుంది? అందుకని పుట్టినప్పట్నించీ ఆవిడకి ఆయన బుజ్జిబాబే. ఇంట్లో వ్రతం చేసుకున్నా "అన్నవరం స్వామి వ్రతం" అంటారు గాని ఆ స్వామి పేరు కూడా ఎత్తరు. ఇన్సూరెన్సు కాయితంలోనూ, లైసెన్సులోనూ ఉన్నది మాత్రం ఆ తాతగారి పేరే.

ఇంటికి వచ్చాక చాలా రోజులు ఏమీ తెలియలేదు. ఆయనకి రాగి జావ, పప్పుకట్టు, పల్చటి మజ్జిగ గొట్టంతో ఇచ్చేదాన్ని. మాట్లాడకూడదు కదా, బజారులో ఒక పలక కొని తెచ్చాను. దాని మీద రాసి చూపించేవారు. మొదటిరోజు "ఉప్పు" అని రాశారు. రెండోరోజు "ఇంకా ఉప్పు" అని రాశారు. నా వంట సంగతి పెళ్ళయ్యాక ఇన్నాళ్ళకి ఇలా తెలిసింది.

అక్కా, ఈ ఊరు నాకు ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. వెనక రైస్ మిల్లు ఉంది కదా, ఆరేసిన బట్టల మీద ఊక దుమ్ము పడుతుంది. పొద్దున్నే నీళ్ళ చప్పుడూ, పిట్టల గోలా లేకపోతే ఇంకా తెల్లవారలేదేమో అనిపిస్తుంది. చేపలు ఐసులో పెట్టి అమ్ముతారు, వాటి కళ్ళు చూస్తే నాకు కొనబుద్ధి కాదు. ఆయన కిరాయికి వెళ్ళి వచ్చేదాకా గుమ్మంలో కూర్చోవడమే నాకు పని. వచ్చాక ఎక్కడికి వెళ్ళారో, ఎవరిని ఎక్కించుకున్నారో ఆయన చెప్తుంటే వింటాను. పలక వచ్చాక ఆ కబుర్లు కూడా లేవు. పలక మీద ఎన్ని కబుర్లు పడతాయి?

ఒకరోజు కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. బండి నడిపిన బుజ్జిబాబు లైసెన్సు పంపాలనీ, అంతదాకా క్లెయిమ్ ఆపామనీ. లైసెన్సు లేని బుజ్జిబాబు ఎవరో నడిపి గుద్దేస్తే, లైసెన్సు ఉందని ఈయన పేరు పెట్టామని వాళ్ళ అనుమానం. ఇద్దరూ ఒకరేనని ఆయన రాసి పంపారు. గుద్దేశాక ఎవరైనా అలాగే రాస్తారని కంపెనీవాళ్ళు అన్నారట. ఆయన పలక తీసుకుని "నేను అబద్ధం ఆడానట" అని రాసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. అత్తయ్యగారు, "నేను సొంత కొడుకు పేరే చెప్పానే, ఇందులో అబద్ధం ఏవుంది?" అని ఒకటే బాధ.

క్లెయిమ్ రాకపోతే బండి బాగుచేయించే దారి లేదు. ఆయన హైదరాబాదు వెళ్ళి ఎవరి దగ్గరైనా డ్రైవరుగా చేరతానని పలక మీద రాశారు. నేనూ, అత్తయ్యగారూ ఇక్కడే ఉండాలి. నేను ఆ పలక తుడిచేశాను. తుడిచినా నాకు కనబడుతూనే ఉంది.

కిందటివారం సోమవారం కంపెనీ నుంచి ఒక పెద్దాయన బండి చూడ్డానికి మెకానిక్ షెడ్డుకి వచ్చారు. మమ్మల్ని కూడా రమ్మన్నారు. మనిషి మర్యాదస్తులే. బండి చుట్టూ తిరిగి, ఫోటోలు తీసుకుని, మా దగ్గరికి వచ్చి ఇలా అన్నారు.

"చూడండమ్మా, ఆ రోజు ఫోన్లో చెప్పింది మీ ఇద్దరూ. ఆయన రాసిస్తే సరిపోదు. మీ నోటితో చెప్పిందాన్ని మీ నోటితోనే సరిచెయ్యాలి. ఎవరు నడిపారో పూర్తి పేరు చెప్పండి, నేను వీడియో తీస్తాను. పెద్దవారు, ముందు మీరు చెప్పండి."

అత్తయ్యగారు చేతులు జోడించారు. "నాకు నోరు రాదండీ. అది మా మావగారి పేరండీ."

"మీ మావగారు నడిపారా?"

"అయ్యో, ఆయన పోయి చాలా ఏళ్ళైందండీ."

"మరి ఎవరమ్మా?"

"అన్నవరంలో ఉంటారు చూడండి, ఆయన పేరండీ."

"ఎవరు, మీ మావగారా?"

"కాదండీ బాబూ, స్వామి."

షెడ్డు మేస్త్రి నవ్వు ఆపుకోలేక బానెట్ వెనక్కి వెళ్ళిపోయాడు. పెద్దాయన నుదురు రుద్దుకుని నా వైపు తిరిగారు. "పోనీ నువ్వు చెప్పమ్మా. పేరు చెప్పమ్మా."

నాకు మా పెళ్ళయ్యాక గృహప్రవేశం గుర్తొచ్చింది. మా ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడి, పేర్లు చెప్తేగాని లోపలికి రానివ్వనంది. ఆయన నా పేరు ఠక్కున చెప్పేశారు. నేను పెదాలు కదిపానంతే. నువ్వు వెనక నించి, "చెప్పింది, చెప్పింది, నాకు వినబడింది" అంటూ అందర్నీ తోసుకుని నన్ను లోపలికి తీసుకెళ్ళిపోయావు. షెడ్డులో "నాకు వినబడింది" అనడానికి నువ్వు లేవు అక్కా.

ఆయన దవడకి తువ్వాలు కట్టుకుని, పలక చంకలో పెట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నారు. నా ముఖం చూశారు. పలక మీద ఏదో రాసి నాకు ఒక్కదానికే కనబడేలా పట్టుకున్నారు. "పోనీలే, వద్దు" అని ఉంది. నన్ను అందరిలో నిలబెట్టి మాట్లాడించడం కంటే బండి పోయినా నయమనుకున్నారు.

అది చదివాక ఇంక ఊరుకోలేకపోయాను. చెప్పాను.

"వినబడలేదమ్మా. ఆ సుత్తి చప్పుడు" అన్నారు పెద్దాయన. మేస్త్రి లోపలికి తిరిగి, "ఒరేయ్, కాసేపు కొట్టడం ఆపండ్రా, అమ్మగారు మాట్లాడుతున్నారు" అన్నాడు. సుత్తులు ఆగాయి. నేను కళ్ళు మూసుకున్నాను. మనసులో నాయనమ్మకి దండం పెట్టుకున్నాను. తర్వాత చెరువు అవతలి గట్టు మీద ఉన్న నాన్నని అన్నానికి పిలిచేటప్పుడు అరుస్తాం చూడు, అలా చెప్పాను.

"ఆ రోజు బండి నడిపింది నా భర్త వీర వెంకట సత్యనారాయణ గారు. ఇంట్లోవాళ్ళన్నా ఆయనే. బుజ్జిబాబన్నా ఆయనే. ఇంకెవరూ లేరండీ."

రాయడానికి తప్పులేదట, అత్తయ్యగారిని అడిగే రాశాను.

పెద్దాయన ఫోన్ జేబులో పెట్టుకుని, "మా ఇంట్లో కూడా అంతేనమ్మా. ముప్పై ఏళ్ళుగా నన్ను 'ఇదిగో' అనే పిలుస్తుంది" అన్నారు. ఇక ఏ బుజ్జిబాబునీ వెతకక్కర్లేదని రాసుకుని వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చేదాకా ఆయన నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. అత్తయ్యగారు పెరట్లోకి వెళ్ళాక పలక మీద రాసి నా ముందు పెట్టారు. "ఇంకోసారి" అని ఉంది. నేను పలక తీసుకుని దాని కింద "ఇన్సూరెన్సు వాళ్ళు అడిగితేనే" అని రాసి ఇచ్చేశాను. తీగ కట్టిన పళ్ళతో నవ్వబోయి నొప్పితో దవడ పట్టుకున్నారు. తప్పు నాదే.

మర్నాడే క్లెయిమ్ ఒప్పుకున్నట్టు మెసేజ్ వచ్చింది. మేస్త్రి అంతకుముందే సామాను తెప్పించి ఉంచాడు గనక ఈ బుధవారానికి బండి చేతికిచ్చాడు. బానెట్ రంగు మిగతా బండితో సరిగ్గా కలవలేదు. మేస్త్రి, "నాలుగు ఎండలు తగిలితే కలిసిపోద్దండీ" అన్నాడు. అదేరోజు ఏలూరులో తీగ కూడా తీశారు. పలక అటక మీద పెట్టేశాను. నిన్నట్నించి మళ్ళీ కిరాయికి వెళ్తున్నారు. రాత్రిపూట, మంచులో వెళ్ళనని వాళ్ళమ్మ మీద ఒట్టు వేశారు. నాన్న కంటి ఆపరేషనుకి ఏలూరు తీసుకెళ్ళడం మా బండిలోనే, బస్సు అని మాత్రం అనకండి.

ఒక చిన్న పని. బావగారు ఇటు మార్కెట్ యార్డుకి వచ్చినప్పుడు బొమ్మిడాయి చేపలు దొరికితే పంపు. మెత్తటివి తినొచ్చని డాక్టరు చెప్పగానే ఆయన మొదట అడిగింది ఆ పులుసే. ఉప్పు సంగతి నేను చూసుకుంటాను.

ఇంక ఒక్క మాట అక్కా. అంత గట్టిగా, అంతమందిలో పేరు అనేశాను కదా, నాయనమ్మ మాట నన్ను వదలడం లేదు. నిన్న ఆయన బండి తీసుకుని వెళ్ళాక పొద్దుపోయేదాకా వీధిగుమ్మంలోనే ఉన్నాను. పాత హారన్ పగిలిపోయిందని మేస్త్రి కొత్తది పెట్టాడు, దాని గొంతు నాకు తెలియదు. రెండుసార్లు ఎవరి బండికో లేచి వెళ్ళాను. మూడోసారి ఆయనే. ఇవాళ కూడా పొద్దున వెళ్ళారు. ఏలూరు బస్టాండు దాకా కిరాయి అన్నారు. నువ్వెప్పుడైనా బావగారి పేరు పైకి అన్నావా? అని ఉంటే నిజం చెప్పు, నాకు ధైర్యంగా ఉంటుంది.

అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు. బావగారిని అడిగానని చెప్పు. పిల్లలకి ముద్దులు. మమ్మల్నిద్దర్నీ చల్లగా ఉండమని ఒకసారి మనసులో అనుకో, అక్కడ నించి అనుకున్నా ఇక్కడికి చేరుతుంది.

హారన్ వినబడింది. కొత్తదే. వచ్చేశారు.

ఉంటాను.

నీ చెల్లెలు,
దుర్గ