అగ్గిపుల్ల చప్పుడు

లక్ష్మీ,

నువ్వు పోయి ఏడాదైంది. నేను సిగరెట్ మానేసి ఇవాళ్టికి నలభై రోజులు. ఈసారి నిజం. ఇక్కడ దోహా క్యాంప్‌లో నా గదిలో ఉండే మల్లేశ్ నమ్మడు, రోజూ నా నోరు వాసన చూస్తాడు.

అప్పట్లో నీకు మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్‌ను మీ తమ్ముడు తిరిగి పంపాడు. ఇవాళ విన్నాం.

"సిగరెట్ బంద్ చేసిన, నీ మీద ఒట్టు" అంటున్నాను. ఆ వెంటనే అగ్గిపుల్ల గీసిన చప్పుడు. అది వెలగలేదు కాబోలు, ఇంకోటి గీశాను.

"ఒట్టేసుకుంట రెండు పుల్లలు గీకినవా అన్నా!" అని మల్లేశ్ పడీపడీ నవ్వాడు. 

దానికి నువ్వు పంపిన జవాబు క్యాసెట్‌లో "అగ్గిపుల్లలతోని పైలం, చెయ్యి కాల్చుకునేవు" అన్నావు.

అప్పుడు వంట గురించి అనుకున్నాను, లక్ష్మీ.