నాన్న లేదన్న పిట్ట

జూన్ 11, మంగళవారం
వంటయ్యాక, పదకొండు గంటలకు

అక్కకు నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. మీ మరిదికి దగ్గు తగ్గింది. బావగారి మోకాలు సంగతి నువ్వు రాయలేదు, ఈసారి మరిచిపోకు.

నువ్వడిగినవి వరసగా చెబుతాను. పాత రికార్డుల ఆఫీసులో మన దీవి ప్రదర్శన నిన్న మొదలైంది. మొదటి గదిలో గవ్వలు, పీతలు, అట్టకు అంటించిన నాచు. రెండో గదంతా పక్షులే. లైట్‌హౌస్‌లో పనిచేసిన ఇరవై రెండేళ్లూ రోజూ పొద్దున్నే పక్షుల్ని లెక్కపెట్టి నాన్న రాసిన పుస్తకాలు పదకొండూ గాజుపెట్టెలో ఉన్నాయి, నూనె మరకలతో సహా. ఆ దస్తూరీ మెచ్చుకోనివాళ్లు లేరు.

చిక్కంతా ఆ అరుదైన సముద్రపు పిట్ట, బెట్టుపిట్ట దగ్గరే. చివరి ఏడేళ్లూ నాన్న దాని ఎదురుగా ‘లేదు’ అనే రాశారు కదా. ఆ రోజుల్లోనే ఎవరో పడవవాడు తీసిన ఫొటో ఇప్పుడు బయటపడింది. లైట్‌హౌస్ గోడ మీద దర్జాగా కూర్చుని ఉంది. నాన్న పుస్తకం, ఆ ఫొటో పక్కపక్కన పెట్టి, కింద ‘కాపలాదారు గమనించలేదు’ అని రాశారు. నా ముందున్న పెద్దమనిషి భార్యతో, “దీపం వెలిగించేవాడికే గోడ మీద పిట్ట కనపడలేదు, చూశావా?” అన్నాడు. ఆవిడ నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈ ఫొటో సంగతి ముందే పేపర్లో చదివి, నాన్న పేరు పోతుంటే ఊరుకుంటావా, వెళ్లి నిజం చెప్పమని నువ్వు రాశావు. ఆ పిట్ట గుడ్లు ఎత్తుకుపోయేవాళ్లు పడవలేసుకుని వచ్చేవారనీ, ఆఫీసు పుస్తకం కాబట్టి ఎవరడిగినా చూపించాల్సి వచ్చేదనీ, అందుకే నాన్న ‘లేదు’ అని రాసి మనిద్దరి నోళ్లూ మూయించారనీ చెప్పడానికే నిన్న వెళ్లాను. నీళ్లతొట్టి వెనక రాతి పగులులో గూడుండేదని కూడా చెబుదామనుకున్నాను.

ఆఫీసరమ్మ కుర్చీ వేసి, కాగితం ముందు పెట్టుకుంది.

“చెప్పండి పిన్నిగారూ. మీ నాన్నగారు చూడలేదా, చూసి రాయలేదా?”

“ఆయనకి చూపు సరిగా ఆనేది కాదమ్మా” అన్నాను.

ఆవిడ జాలిపడి అలాగే రాసుకుంది. కింద సంతకం కూడా పెట్టి వచ్చాను. తిట్టాలనుంటే తిట్టు, కానీ ఉత్తరం ఆఖరిదాకా చదివి తిట్టు. నాకైతే రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు

తా.క. చెప్పబోయేది తప్పుల్లేకుండా చెప్పాలని, శనివారం మీ మరిదిని వెంటబెట్టుకుని దీవికి వెళ్లి ఆ చోటు చూసి వచ్చాను. తొట్టి కూలిపోయింది. పగులు అలాగే ఉంది. అందులో మూడు పిల్లలు, ఇంకా ఈకలు కూడా రాలేదు. తల్లి చేపతో వచ్చేసరికి మేం వెనక్కి తగ్గాం. బావగారికి మాత్రం చెప్పకు, ఆయన కడుపులో మాట దాగదు. ఆ పెద్దమనిషి ఎంతకాలం నవ్వుకుంటాడో నవ్వుకోనీ.