ఎమలహ్లేని ఊరి బొగ్గు మీద ఉప్పునీరు

ఇల్లాలా మాస్కొసానా, దేవుని దయవల్ల నా ఒళ్ళు కుదుటనే ఉన్నది, దిగులుపడకు.

ఇక్కడి కరెంటు కేంద్రపు పొగతో బొగ్గులోని పాదరసం మన చెరువులో పడకుండా, బొగ్గు మీద బ్రోమైడు ఉప్పునీరు చల్లుతున్నాము. దానితో కలిసిన పాదరసం బూడిదతోపాటు వడపోతలో చిక్కుతుంది.

నిన్న మన చర్చి సంఘపు కుర్రాడు, కబిని అనేవాడు, ఆ నీరు సీసాలో పట్టాడు.

"పెద్దయ్యా, చర్చిలో ఇచ్చే దీవెన నీళ్ళూ ఉప్పగానే ఉంటాయిగా! ఇంటి దగ్గర నా బిడ్డ జ్వరానికి పంపుతా."

"ఒరే, ఇది బొగ్గుకి మందు, బిడ్డకి విషం. ఇటు తే!" అని లాక్కున్నాను.

పొగ శుభ్రపడిందని తేలేవరకు, కడుపుతో ఉన్న మన అమ్మాయి బుసిసివెకు చెరువు చేపలు పెట్టకు. ఇంటికప్పు కురుస్తున్నదా?

ఈ ఉప్పునీటి పరీక్ష ముగియక నాకు సెలవు లేదు. గాలివాటున ఈ పొగ నిత్యమూ మన వాకిటికి చేరుతున్నది, నేనే చేరలేకున్నాను. నాకన్న ముందు వచ్చేది నిర్మలమై రావాలని ప్రార్థించు.

తల్లికీ, కడుపులోని పసికందుకూ నా దీవెనలు.

మహ్లంగు