చీలమండకు కట్టిన ఐదు తూటాలు

లారెల్ ఫోర్క్, కెంటకీ
ఫిబ్రవరి 9

నా ప్రియ సహోదరుడు క్లోవిస్‌కు,

గోడల అవతల ఉన్న నీకు, ఇవతల ఉండి కూడా స్వేచ్ఛ లేని నేను ప్రభువు పేరిట ప్రేమతో రాస్తున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందని చదివి సంతోషించాను. ఇవాళ నిన్నొక మాట అడగాలి. పాస్టరుగా కాదు, గనిలో పద్నాలుగేళ్లు నీ పక్కన బొగ్గు తవ్వినవాడిగా అడుగుతున్నాను. రోజూ ఒంటి మీద ఎవరికీ కనబడకుండా పెట్టుకోవడానికి ఏ తుపాకీ మంచిది?

పార్కింగ్ స్థలంలో మాటామాటా పెరిగి ఒక మనిషిని కాల్చి, దానికి బతుకంతా జైలు పడినవాణ్ణి ఇది అడగడమేమిటని నువ్వు అనుకుంటావు. కానీ పదకొండేళ్లు దాన్ని నడుముకు మోసినవాడివి నువ్వు. నాకు తెలిసినవాళ్లలో మనిషి మీదికి తీసినవాడివి నువ్వొక్కడివే. మిగతావాళ్లవన్నీ మాటలు.

లెథా సంగతి నీకు తెలుసు. నవంబరులో బుధవారం ప్రార్థన జరుగుతుండగా ఆమె మొగుడు డెన్వర్ కాంబ్స్ చొరబడి, జుట్టు పట్టుకుని బెంచీల మధ్య నుంచి గుమ్మం దాకా ఈడ్చుకుపోయాడు. సంఘపెద్దలిద్దరు వాడి మీద పడి విడిపించారు. వాడు జైలుకి పోయాడు. లెథా అప్పటినుంచి మా వెనక గదిలో ఉంటోంది, నా భార్య ఓపల్‌కి తోడుగా. వచ్చే నెల వాడు విడుదలవుతున్నాడు. లోపలి నుంచే ఆమెకు కబురు పంపాడు: “నీ పాస్టర్ని ఓ ఆదివారం వచ్చి కలుస్తానని చెప్పు.” అంతే. అందులో బూతు లేదు, బెదిరింపు లేదు. అందుకే ఆ మాట నన్ను వదలడం లేదు.

లేఖనం నాకు తెలియదనుకోకు. గోడ కట్టే రోజుల్లో నెహెమ్యా మనుషులు ఒక చేత్తో పని చేశారు, రెండో చేత్తో ఆయుధం పట్టుకున్నారు. ఏహూదు కత్తిని కుడి తొడకు, బట్టల కింద కట్టుకుని రాజు గదిలోకి నడిచాడు. దాచుకున్న ఆయుధానికి దేవుని గ్రంథంలో చోటుంది, క్లోవిస్. కావాలంటే వేలు పెట్టి చూపిస్తాను.

శనివారం వర్జిల్ తుపాకుల కొట్టుకి వెళ్లాను. ముందు పదిహేను తూటాల పెద్ద పిస్టల్ ఇచ్చాడు. నడుముకు పెట్టుకుని కోటు వేసుకున్నాను. “ఏదీ పాస్టరూ, ఆరాధన చేసినట్టు చేతులెత్తు చూద్దాం” అన్నాడు. ఎత్తాను. కోటు పైకి పోయి తుపాకీ పిడి బయటపడింది. కొట్టులో ఉన్న నలుగురూ నవ్వారు. “హల్లెలూయా అన్నప్పుడల్లా ఇది కూడా ఆమెన్ అంటది” అన్నాడొకడు. పైగా గుమ్మం దగ్గర సంఘంలో ఆడవాళ్లంతా నన్ను కౌగిలించుకుని వెళతారు. నడుము పనికిరాదు.

తరవాత అరచేతిలో ఇమిడే చిన్న పిస్టల్ చూపించాడు. అది జేబుకి బాగుంది. కానీ నా జేబులో పిప్పరమెంట్లుంటాయని పిల్లలకు తెలుసు, అడగకుండానే చేతులు పెడతారు. జేబు మాట కూడా వద్దనుకున్నాను.

చివరికి పొట్టి గొట్టం రివాల్వర్ తీశాడు. ఐదు తూటాలు. “ఇరుక్కోదు, మొరాయించదు. దీనికి వేరే తాళం లేదు, వేలితో లాగే మీట బరువే తాళం. మనసు పెట్టి లాగితే గానీ పేలదు” అన్నాడు. తోలు ఒరలో పెట్టి ఎడమ చీలమండకు కట్టాడు. “నుంచున్నవాడికి ఇది చాలా దూరం. కూర్చున్నవాడికి చాలా దగ్గర. ఆరాధనలో నువ్వు సగం సేపు పీఠం పక్క కుర్చీలోనే కూర్చుంటావు కదా.” దావీదు వాగులో ఏరుకున్నవి కూడా ఐదు రాళ్లే అన్నాను. “ఆయనకి ఒక్కటే సరిపోయింది” అన్నాడు వర్జిల్, నవ్వకుండా.

ఇంకా తీసుకోలేదు. నీ మాట కోసం చూస్తాను.

నీ కోసం మోకరించే
హోబర్ట్ స్టిడమ్


లారెల్ ఫోర్క్
ఏప్రిల్ 20

క్లోవిస్ సహోదరా,

నీ జవాబు చదివి రెండు వారాలు కోపంగా ఉన్నాను. ఏ తుపాకీ అని అడిగితే నువ్వు రెండే ముక్కలు రాశావు: “అది నడుముకున్నన్నాళ్లూ నేను దానికి పని వెతికాను. నువ్వు కొనకు.” పేతురు కత్తి దూసి మల్కు చెవి నరికిన రాత్రి గురించి నాకే పాఠం చెబుతున్నావా అనుకున్నాను. నీ ఉత్తరం మడిచి పెట్టి, ఆ మర్నాడే రివాల్వర్ తెచ్చుకున్నాను.

కోపానికి అసలు కారణం వేరే ఉంది. ఓపల్‌కి కూడా చెప్పనిది చెబుతున్నాను. మీకొచ్చే ఉత్తరాలు జైలువాళ్లు విప్పి చదువుతారు, చదవనీ.

నవంబరులో డెన్వర్ లెథాని ఈడ్చుకుపోతున్నప్పుడు నేను ప్రసంగపీఠం వెనక మోకాళ్ల మీద ఉన్నాను. అందరూ కళ్లారా చూశారు. “మా అయ్యగారు ఆ గడబిడలో కూడా మోకరించి ప్రార్థించారు” అని కౌంటీ అంతా చెప్పుకున్నారు. క్లోవిస్, నేను ప్రార్థించలేదు. వాడు గుమ్మంలో కనబడగానే నా కాళ్లు మడత పడ్డాయి, నేను దాక్కున్నాను. పీఠం చెక్కల సందులోంచి ఆమె బూటు ఒకటి ఊడి నడవలో పడటం చూశాను. ఆమె నా పేరు పిలిచింది. దేవుని పేరు కాదు, నా పేరు. నేను కదల్లేదు. ఐదు నెలలుగా ఆ అబద్ధం మీద నిలబడి సత్యం ప్రకటిస్తున్నాను. ప్రసంగంలో నా గొంతు ఇదివరకటికంటే పెద్దదయిందంటున్నారు. ఎందుకవదు?

కాబట్టి ఆ రివాల్వర్ డెన్వర్ కోసం కాదు, నా మోకాళ్ల కోసం. అలాగని నాకు నేను చెప్పుకున్నాను.

రోజూ పొద్దున తూటాలు తీసేసి కొట్టాంలో సాధన చేస్తున్నాను. కుర్చీలో కూర్చుని, ప్యాంటు అంచు ఎడమ చేత్తో లాగి, కుడి చేత్తో తీయడం. మొదట్లో నాలుగు లెక్క పెట్టేంత సేపు పట్టేది. ఇప్పుడు రెండు. మొదటి వారం తోలు ఒరుసుకుని చర్మం ఎర్రబడింది, కుంటుతూ నడిచాను. ఇప్పుడు అది ఉందో లేదో కూడా తెలియదు, మేజోడు తెలియనట్టే. జీతం కోసం ఇళ్లకు గ్యాస్ సిలిండర్లు వేయడానికి వెళ్లినా అది కాలికే ఉంటుంది.

“నీ నడక మారింది” అంది ఓపల్, బీన్స్ గిన్నె నా ముందు పెడుతూ.

“కీళ్లనొప్పులు” అన్నాను.

“కీళ్లనొప్పులున్నోడు ఇంత ఛాతీ ముందుకు పెట్టి నడవడు, హోబర్ట్.”

లెథా తల ఎత్తలేదు. ఆమెకు తెలుసనుకుంటాను. మగవాడి దగ్గర ఏం దాగి ఉందో కనిపెట్టడం ఆమెకు బతుకు నేర్పిన విద్య.

డెన్వర్ విడుదలయ్యాడు. అప్పటినుంచి ఆదివారాలు వాడి ట్రక్కు చర్చికి ఎదురుగా రోడ్డవతల ఆగుతోంది. ఇంజను నడుస్తూనే ఉంటుంది. వాడు దిగడు. ఆఖరి కీర్తన అయ్యేసరికి వెళ్లిపోతాడు. పోలీసు డెప్యూటీకి చెబితే, “రోడ్డు అందరిదీ అయ్యగారూ, దిగితే పిలవండి” అన్నాడు. నేను ప్రసంగిస్తున్నంతసేపూ కిటికీలోంచి ఆ ట్రక్కునే చూస్తున్నాను. పోయిన వారం అది రాలేదు. నాకు ఊరట కలగాలి కదా. కలగలేదు. ఏదో పోగొట్టుకున్నవాడిలా మధ్యాహ్నమంతా తిరిగాను.

నువ్వు రాసిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఒప్పుకోను.

నీ
హోబర్ట్


లారెల్ ఫోర్క్
జూన్ 15

క్లోవిస్,

నిన్న మా చర్చిలో పాదాలు కడిగే ఆదివారం. ఏడాదికొక్కసారి. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు, తువ్వాలు నడుముకు చుట్టుకుని ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. ఎవరు ఎవరి ముందైనా పళ్లెం పెట్టవచ్చు. కడుగుతానని మోకరించినవాణ్ణి కాదనడం మాలో లేదు. మా నాయన తన భూమి కాజేసినవాడికి కూడా పాదాలిచ్చాడు.

చీలమండకు కట్టుకున్నది ఆ ఒక్కరోజు విప్పాలని నాకు తోచలేదు. దేవుని సాక్షిగా, అది ఉన్నదే మరిచాను. ముప్ఫై ఏళ్లుగా ఈ ఆచారం నడిపిస్తున్నవాణ్ణి. ముందు బెంచీ మీద కూర్చుని కుడి బూటు విప్పి, ఎడమ బూటు మీద చెయ్యి పెట్టాక గుర్తొచ్చింది.

అప్పుడే సంఘం పాట సగంలో సన్నబడింది. డెన్వర్ కాంబ్స్ వచ్చాడు. వెనక బెంచీ దగ్గర తన బూట్లు విప్పేసి, తువ్వాలు చుట్టుకుని, పళ్లెం పట్టుకుని నడవలో ఉత్త కాళ్లతో వస్తున్నాడు. పెద్దలు లేవబోతే నేనే చెయ్యి చూపి ఆపాను. ఎందుకు ఆపానో ఈ ఉత్తరం చివరికి నీకు తెలుస్తుంది.

వాడు నా ముందు మోకరించాడు. నా కుడి పాదం కడిగాడు. వేళ్ల మధ్య కూడా, జాగ్రత్తగా. తుడిచాడు. “రెండోది ఇవ్వండి, బ్రదర్ హోబర్ట్.”

“ఇది చాలు, డెన్వర్.”

“ఒక్కటే కడిగితే ఏం కడిగినట్టు?” అని తనే బూటు విప్పి, ప్యాంటు పైకి మడిచాడు.

తోలు కనబడింది. వాడి చేతులు ఆగాయి. చాలా మెల్లగా, నాకొక్కడికే వినబడేలా అడిగాడు: “ఇది నా కోసమేనా?”

రెండు లెక్క పెట్టేలోగా అది నా చేతిలో ఉంది. కొట్టాంలో చేసినట్టే. వాడి నుదుటికి జానెడు దూరంలో పెట్టాను. వాడు చేతులెత్తలేదు. నా పాదం వాడి రెండు చేతుల్లోనే ఉంది, నీళ్లు కారుతున్నాయి. నేను మీట లాగాను, క్లోవిస్. బెదిరించడానికి కాదు. లాగాను. తూటాల చక్రం తిరగడం మొదలైంది. అది నాకు కనబడుతోంది, వాడికీ కనబడుతోంది. సగంలో వేలు ఆగింది. దానికి దేవుని కృప అని పేరు పెట్టే ధైర్యం నాకు లేదు. బహుశా మీట బరువు అంతే.

పెద్దలు వాణ్ణి లాక్కుపోయారు. వాడు పెనుగులాడలేదు. డెప్యూటీ వచ్చి ట్రక్కంతా వెతికాడు, ఒంటి మీద వెతికాడు. ఏ ఆయుధమూ దొరకలేదు. వాడు మారుమనసు పొంది వచ్చాడో, ఎత్తుగడతో వచ్చాడో నాకు తెలియదు. ఇక ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారి నేను మూసేశాను.

ఆ తరవాత జరిగిందే నాకు భయంగా ఉంది. అందరూ వరస కట్టి నా చెయ్యి పట్టుకున్నారు. “మంచి పని చేశారు అయ్యగారూ.” “మందను కాచారు.” డెప్యూటీ నా భుజం తట్టాడు. వర్జిల్ దగ్గరికొచ్చి, “దాని బరువు సరిపోయిందా?” అన్నాడు. నేను తల ఊపాను. నవంబరులో మోకరించాడని మెచ్చుకున్నవాళ్లే నిన్న నిలబడ్డాడని మెచ్చుకున్నారు. రెండుసార్లూ నేను కానిదాన్నే మెచ్చుకున్నారు. పెద్దల్ని ఎందుకు ఆపానో ఇప్పుడు చెబుతున్నాను. వాడు నా దగ్గరిదాకా రావాలని కోరుకున్నాను. వాణ్ణి నడవలో చూడగానే నా గుండె సంతోషించింది.

సాయంత్రం లెథా సంచి సర్దుకుంటోంది. ఒహాయోలో పిన్ని దగ్గరికి పోతానంది. “ఇప్పుడు భయమేం లేదమ్మా, వాడు మళ్లీ రాడు” అన్నాను.

ఆమె సంచి జిప్పు వేసి నా వైపు తిరిగింది. “మీ మొహం నేను చూశానండీ. అది మా ఇంట్లో ఆరేళ్లు చూసిన మొహమే. ఇన్నాళ్లూ ఈ ఊళ్లో నాకు ఒక్కడంటేనే భయం. ఇప్పుడు ఇద్దరు.” ఆ మాట అని, తనే వెళ్లి ఓపల్‌ని కౌగిలించుకుని, కారెక్కింది.

వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి రెండూ చెప్పేస్తాను. నవంబరులో దాక్కున్నానని, జూన్‌లో హత్య చేయబోయానని. పీఠం వదిలేస్తాను. ఓపల్‌కి ఇవాళే చెప్పాను. “ముందు దాన్ని విప్పు” అంది.

విప్పాను. ఉత్తరం మొదలుపెట్టేముందు ఒరతో సహా ఈ బల్ల మీద, సిరాబుడ్డి పక్కన పెట్టాను. ఇప్పుడు సంతకం చేద్దామని చూస్తే బల్ల మీద లేదు. నా కాలికి ఉంది. ఎప్పుడు కట్టుకున్నానో గుర్తు రావడం లేదు, క్లోవిస్. నువ్వు దాన్ని ఎలా వదిలావని అడగబోయాను. నీ దగ్గర నుంచి పోలీసులే తీసుకున్నారని గుర్తొచ్చింది.

నాకోసం ప్రార్థించు. ఈసారి నువ్వు నాకోసం.

హోబర్ట్