లుసైల్ ట్రామ్‌లో పెళ్ళి విచారణ

పాలకొల్లు,
అక్టోబర్ 1.

బావమరిది దానియాల్‌కి సువార్తరావు వందనాలు. ఇక్కడ నేనూ, మీ అక్క అమృతమ్మా, మనవరాలు షెరిన్ దేవుడి దయవల్ల కులాసా. దోహాలో నువ్వూ, నీ స్టోర్‌కీపర్ ఉద్యోగమూ, నీ చెవి మీద పెన్సిలూ కులాసా అని తలుస్తాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసి దాన్ని ఫొటో తీసి పంపడమేమిటని విసుక్కోకు. కలకత్తాలో ముప్ఫై నాలుగేళ్ళు ట్రామ్ నడిపాను. కాలికింద గంట తొక్కి తొక్కి నా చెవులు నాకంటే ముందే రిటైరయ్యాయి. ఫోన్లో అవతలివాళ్ళు నవ్వుతున్నారో ఏడుస్తున్నారో కూడా తెలియడం లేదు.

విషయం షెరిన్ పెళ్ళి. పాస్టరుగారు రాజోలు సంబంధం ఒకటి తెచ్చారు. అబ్బాయి పేరు ఆస్టిన్. ఉద్యోగం మీ ఖతర్‌లోనే. దోహా పక్కన సముద్రం ఒడ్డున లుసైల్ అని కొత్త ఊరు కట్టారటగా, అక్కడి ట్రామ్‌లో. షెరిన్ వీడియోలో మాట్లాడి నచ్చాడంది. ఆ రోజు నుంచీ వంటింట్లో పాటలే పాటలు.

నాకు మాత్రం ట్రామ్ అనగానే గుండెల్లో రాయి పడింది. మా నాన్న మద్రాసులో ట్రామ్ కండక్టరు. సముద్రం గాలి తగిలే రూటులో డ్యూటీ. నేను ఒళ్ళో పిల్లవాడిగా ఉండగానే అక్కడ ట్రాములు ఆగిపోయాయి. మా అమ్మ ఊళ్ళో ఇళ్ళకి వెళ్ళి అప్పడాలు ఒత్తి మమ్మల్ని పెంచింది. నేను కలకత్తాలో చేరాక అక్కడా ఒక్కో రూటూ మూసుకుంటూ వచ్చారు. ట్రామ్‌వాడికి పిల్లనివ్వకూడదని ట్రామ్‌వాణ్ణి నేనే అంటున్నానంటే చూసుకో. కానీ పిల్ల ఇష్టపడింది. ఉద్యోగం ఉన్నా పోయినా ఇంటిని కనిపెట్టుకుని ఉండే మనిషా కాదా, అది తేలాలి. తండ్రి లేని పిల్ల, పొరపాటు చేస్తే నేను భరించలేను.

ఈ నెల 26 ఆదివారం గుడిలో మొదటి పెళ్ళి ప్రకటన చదవాలట. శనివారం కల్లా పాస్టరుగారికి అవునో కాదో చెప్పాలి. నువ్వు గుట్టుగా విచారించు. అబ్బాయిని నేరుగా అడగొద్దు. అడిగి తెలుసుకుంటే దాన్ని విచారణ అనరు, పలకరింపు అంటారు. ట్రామ్ ఎక్కి చూడు. మలుపులో గంట కొడుతున్నాడా? ముసలివాళ్ళు ఎక్కేదాకా ఆగుతున్నాడా? ఆపేటప్పుడు నిలబడ్డవాళ్ళు తూలుతున్నారా? మనిషి సంగతంతా అందులోనే తెలిసిపోతుంది.

ఇట్లు,
సువార్తరావు

తా.క.: అబ్బాయి ఫొటో పంపుతున్నాను. కోటు స్టూడియోవాళ్ళది, దాన్ని లెక్కలోకి తీసుకోకు.


అల్ తుమామా, దోహా,
అక్టోబర్ 3, శుక్రవారం.

గౌరవనీయులైన బావగారికి దానియాల్ వందనాలు.

ఇక్కడ మాకు శుక్రవారమే ఆదివారం. మీ మాట కోసం ఆరాధన మానేసి మెట్రో ఎక్కి లుసైల్ వెళ్ళాను. ట్రామ్ బ్రహ్మాండంగా ఉంది. లోపల ఎంత చల్లగా ఉందంటే సగం మంది దిగాల్సిన చోట దిగరేమో అనిపించింది. కానీ కొన్ని అనుమానాలు వచ్చాయి.

మొదటిది, పైన కరెంటు తీగ లేదు. మీరు చెబుతుండే, తీగకి తగిలించే కర్ర కూడా లేదు. రెండోది, కండక్టరు లేడు. మూడోది, డ్రైవరు గది తలుపు మూసే ఉంటుంది, అద్దం నల్లగా ఉంటుంది. మెడ ఎంత సాచినా నాకు ఒక చెవి మాత్రమే కనిపించింది. గంట రెండుసార్లే మోగింది.

తలుపు దగ్గరే నిలబడి ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిరిగాను. అయిదోసారి జహాంగీర్ అని ఒక స్టాఫ్ కుర్రాడు, పాకిస్తానీ, నీళ్ళ సీసా తెచ్చిచ్చి "చాచా, మీతో ఎవరైనా వచ్చారా?" అని హిందీలో అడిగాడు. గుట్టు బయటపడుతుందని మాట్లాడకుండా నీళ్ళు తాగి దిగిపోయాను.

మీ విధేయుడు,
దానియాల్

తా.క.: ఫొటోతో పోల్చి చూశాను. చెవి అబ్బాయిదే.


పాలకొల్లు,
అక్టోబర్ 5.

దానియాల్‌కి,

నీ ఉత్తరం చదివి మతి పోయింది. తీగ లేకుండా ట్రామ్ ఎలా నడుస్తుందయ్యా? మా ట్రామ్ కర్ర తీగ మీంచి జారితే కండక్టరు దిగి, తాడు పట్టి లాగి, మళ్ళీ తగిలించేదాకా బండి అంగుళం కదిలేది కాదు. కర్ర లేదు, కండక్టరు లేడు, గంట లేదు. ఇక ఆ అబ్బాయి చేసే పనేమిటి?

దానికంటే పెద్ద అనుమానం ఆ నీళ్ళ సీసా. నా సర్వీసులో ఏ ప్రయాణికుడికీ ఎవరూ ఊరికే నీళ్ళివ్వలేదు. నువ్వు పెళ్ళివారి మనిషివని వాళ్ళు పసిగట్టారు. మంచి చేసుకుంటున్నారు. ఇకమీదట ఏమిచ్చినా పుచ్చుకోకు.

ఈసారి అసలు పరీక్ష పెట్టు. కాగితం కప్పు నిండా నీళ్ళు పోసి నేల మీద ఉంచు. కొత్త డ్రైవర్లకి మా ఇన్‌స్పెక్టరు పెట్టిన పరీక్ష అదే. చుక్క ఒలకకుండా ఆపితేనే బ్రేకు చేతిలో ఉన్నట్టు. రెండు వారాలు చూసి రాయి.

సువార్తరావు

తా.క.: మీ అక్క నా చేతిలోంచి పెన్ను లాక్కుని ఇది రాస్తోంది: ఒరేయ్ తమ్ముడూ, ఆ ఎండల్లో ఎవరు నీళ్ళిచ్చినా తాగు. ఈయన మాట వినకు.


అల్ తుమామా,
అక్టోబర్ 17, శుక్రవారం.

బావగారికి వందనాలు.

కప్పు పరీక్షలో అబ్బాయి నెగ్గాడు, నేను ఓడిపోయాను. పోయిన శుక్రవారం ముందు తలుపు దగ్గర కప్పు పెట్టి, ఎవరూ తన్నకుండా దాని పక్కనే నేల మీద కూర్చున్నాను. ఏడు స్టాపులు దాటినా చుక్క ఒలకలేదు. ఎనిమిదో స్టాపులో జహాంగీర్ వచ్చి కప్పు రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టి, నన్నూ అలాగే ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు.

ఇవాళ మళ్ళీ వెళ్ళాను. స్టాపులో చక్రాల కుర్చీతో సిద్ధంగా ఉన్నాడు! వద్దన్నా వినడే. "యల్లా, పదండి చాచా, కూర్చోండి" అని తోసుకుంటూ నీడకి తీసుకెళ్ళి, తన ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు. అవతల ఎవరో మన గోదావరి మనిషి. "అయ్యా, అన్నం తిన్నారా? మీ ఇల్లెక్కడ? మీవాళ్ళ నంబరు ఏదైనా గుర్తుందా?" అని నెమ్మదిగా అడిగాడు. ఆఫీసులో గుమస్తా అయ్యుంటాడు పాపం. పేరు అడిగితే నా పేరూ చెప్పాలి కదా, అందుకని అడగలేదు. "నాకిక్కడ ఎవరూ లేరు బాబూ" అనేసి ఫోన్ ఇచ్చేశాను. విచారణ మీరు చెప్పినంత గుట్టుగానే ఉంది.

తీగ సంగతి కనుక్కున్నాను. కరెంటు నేలలోంచి, పట్టాల మధ్య నుంచి వస్తుందట. అప్పటికి ట్రామ్ కింద ఉన్న ముక్కకే కరెంటు ఇస్తారట, మిగతా చోట కాలు పెట్టినా ఏమీ కాదట. నేను మాత్రం పెట్టి చూడలేదు.

దానియాల్

తా.క.: ఇవాళ చెవి వేరేగా ఉంది. అన్ని చెవులూ నాకు ఒకేలా కనిపించడం మొదలైంది. ఇది మంచిది కాదేమో.


పాలకొల్లు,
అక్టోబర్ 19.

దానియాల్‌కి,

చక్రాల కుర్చీయా! యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, పిల్ల తరఫు పెద్దని, నలుగురిలో కుర్చీలో తోయిస్తాడా? ఇది ఎగతాళి కాక మరేమిటి? పెళ్ళికి ముందే ఇలా ఉంటే తర్వాత నన్ను దేంట్లో కూర్చోబెట్టి తోస్తాడో!

షెరిన్‌కి సంగతంతా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "నీ ఇష్టం తాతయ్యా" అంది. అంతే. వంటింట్లో పాటలు ఆగిపోయాయి. దానియాల్, ఆ పిల్ల నాతో పోట్లాడినా బాగుండేది.

అందుకే ఒక్క అవకాశం ఇస్తున్నాను. పద్ధతి కాకపోయినా సరే, ఈ శుక్రవారం వెళ్ళి నేరుగా ఆస్టిన్ ఎవరని అడుగు. ఎదురుగా నిలబెట్టి మాట్లాడు. శనివారం సాయంత్రం పాస్టరుగారికి మాట చెప్పేస్తాను.

సువార్తరావు

తా.క.: కుర్చీ ఎక్కకు. మోకాళ్ళు నొప్పెట్టినా ఎక్కకు.


అల్ తుమామా,
అక్టోబర్ 24, శుక్రవారం.

బావగారికి,

రాయడానికి చెయ్యి రావడం లేదు. దిగగానే జహాంగీర్‌ని పట్టుకుని "ఇక్కడ డ్రైవర్ ఆస్టిన్ ఎవరు?" అని అడిగాను. తల గోక్కున్నాడు. ఇంకో ఇద్దరిని అడిగాడు. "డ్రైవర్లలో ఆస్టిన్ మాఫీ, చాచా" అన్నాడు. మాఫీ అంటే లేడని. ఆ పేరుగల డ్రైవరు ఈ ట్రామ్‌లో ఇప్పుడే కాదు, ఎప్పుడూ లేడట. ఇంకేదో చెప్పబోయాడు కానీ నేను వినిపించుకోలేదు.

అబ్బాయి అబద్ధం చెప్పాడు బావగారూ. నాలుగు వారాలు ఎవరి చెవి చూశానో దేవుడికే తెలియాలి. కాదని చెప్పేయండి. షెరిన్‌ని మీరే ఓదార్చాలి. నాకు ఆ పిల్ల మొహమే కళ్ళ ముందు కనిపిస్తోంది.

దానియాల్

తా.క.: కోపంతో వెనక్కి నడుస్తుంటే జహాంగీర్ మెట్రో దాకా నా చెయ్యి వదల్లేదు. నా జేబులో ఖర్జూరాల పొట్లం పెట్టాడు. తినేశాను. అక్కకి మాత్రమే చెప్పండి.


పాలకొల్లు,
అక్టోబర్ 26, ఆదివారం.

దానియాల్‌కి,

కూర్చుని చదువు.

నిన్న సాయంత్రం చొక్కా వేసుకుని, కాదని చెప్పడానికి పాస్టరుగారింటికి బయల్దేరాను. గుమ్మం దాటుతుండగా మీ అక్క ఫోన్ పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. దోహా తెలుగు సంఘాల నుంచి మన ఊరి స్త్రీల ప్రార్థన గుంపుకి ఒక మెసేజ్ చేరింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ప్రార్థన మనవి. లుసైల్‌లో నాలుగు శుక్రవారాలుగా ఒక తెలుగు పెద్దాయన ఒక్కరే ట్రామ్‌లో తిరుగుతున్నారు. అరవై దాటి ఉంటాయి. గోదావరి యాస. చెవి మీద పెన్సిల్. కప్పు నిండా నీళ్ళు నేల మీద పెట్టి కాపలా కూర్చుంటారు. పేరు, ఇల్లు చెప్పలేకపోతున్నారు, ఎవరూ లేరంటున్నారు. పెద్దాయన పరువు పోతుందని ఫొటో పెట్టడం లేదు. మా తాతయ్య ఇలాగే మతిమరుపుతో ఇల్లు దాటి వెళ్ళిపోతే మూడు రోజులకి దొరికాడు. ఈయన్ని ఎవరైనా చూస్తే కోప్పడకండి, ముందు అన్నం పెట్టండి. ఆయన కోసం నా శుక్రవారం సెలవు మార్చుకున్నాను. ఏ వేళయినా నాకు ఫోన్ చేయండి. ఆస్టిన్, ట్రామ్ కంట్రోల్ రూమ్."

అతను డ్రైవరని ఎవరూ చెప్పలేదు దానియాల్. ట్రామ్‌లో ఉద్యోగం అన్నారు, మిగతాది నేనే అనేసుకున్నాను. అతను తెరల ముందు కూర్చుని అన్ని ట్రాములనూ చూసుకుంటాడట. నువ్వు అతన్ని చూడటానికి వెళ్ళావు. అతను నాలుగు వారాలూ నిన్ను చూస్తూ కూర్చున్నాడు. నీళ్ళూ, కుర్చీ, ఫోన్లో ఆ మాటా అన్నీ అతనివే. పెళ్ళి సంగతి అతనికి తట్టనైనా లేదు.

నేను ముప్ఫై నాలుగేళ్ళు నడిపాను. రోజంతా దిగకుండా తిరిగేవాళ్ళు నా బండిలోనూ ఉండేవాళ్ళు. ఒక్కరినీ అన్నం తిన్నావా అని అడగలేదు. నిన్న రాత్రంతా అదే తలుచుకుని సిగ్గుపడ్డాను.

పాస్టరుగారికి అవునని చెప్పాను. ఇవాళ గుడిలో మొదటి ప్రకటన చదివారు. షెరిన్ పేరు, ఆస్టిన్ పేరు పక్కపక్కన వినాలని ముందు బెంచీలో కూర్చున్నాను. ఏమీ వినపడలేదు కానీ, పిల్ల మొహం చూశాను, చాలు.

నువ్వు వెంటనే వెళ్ళి అతన్ని కలువు. నువ్వెవరివో నువ్వే చెప్పు. పాపం, అతను ఇంకా నీవాళ్ళ కోసం వెతుకుతున్నాడు.

ఇట్లు,
నీ బావ సువార్తరావు

తా.క.: పెన్ను మళ్ళీ మీ అక్క చేతిలో: తమ్ముడూ, నీకు మతి తిరిగి రావాలని మన సంఘంలో పదకొండు మంది మంగళవారం ఉపవాసం ఉంటున్నారు. నిజం చెప్పి ఆపుదామనుకున్నాను. కానీ నా పుట్టినరోజు నీకు ఏ ఏడూ గుర్తుండదు కదా, ఉండనీలే అని ఊరుకున్నాను.